మొండి మోచెయ్యి

కదలొద్దంది డాక్టరమ్మ. కదలొద్దన్న మరుక్షణం నుంచీ ఒళ్ళంతా కదలాలనే అనిపిస్తుంది, ముక్కు కొస మీద దురద పుడుతుంది, కాలి బొటనవేలు తనంతట తనే ఆడుతుంది, ఇందాకటిదాకా మెత్తగా ఉన్న దిండు మెడ కింద రాయిలా గట్టిపడుతుంది, అయినా సాహితి కదల్లేదు. పెళ్ళిపీటల మీద కూడా ఇంత బుద్ధిగా కూర్చోలేదు తను. అక్కడ పురోహితుడు కసిరాడు, ఇక్కడ కసిరేవాళ్ళు ఎవరూ లేరు, సూదులే కసురుతున్నాయి. తెనాలి మారీసుపేటలో చైనా సూదుల వైద్యం చేసే పాత పెంకుటింటి ముందుగది, మధ్యలో ఆకుపచ్చ తెర, తెరకు ఇటు మంచం మీద తను, అటు మంచం మీద మోకాళ్ళ నిండా సూదులు గుచ్చించుకుని హాయిగా గుర్రుపెడుతున్న సీమోను తాత. తన కుడి మోచేతి బయటి ఎముక చుట్టూ సూదులు, సరే, నొప్పి అక్కడే కాబట్టి. మరి ఎడమ మోచేతి మడతలో ఒకటి, ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి కండలో ఒకటి ఎందుకు? నొప్పి కుడిచేతికైతే ఎడమచేతికి సూదేంటండీ అని మొదటిరోజు అడిగితే డాక్టరు నిర్మల నవ్వి, బిగుసుకుపోయిన తలుపును నువ్వొక్కదానివే ఇటునుంచి ఎంతకని గుంజుతావమ్మా, అవతలనుంచి ఒకళ్ళు తొయ్యాలి కదా అంది. అప్పటినుంచీ సాహితికి తన ఎడమచేతి మీద గౌరవం కలిగింది. పాపం, దానికేం నొప్పి లేదు. పక్కదాని కోసం పొడిపించుకుంటోంది. పుట్టినప్పటినుంచీ దాన్ని ఎవరికీ ఏదీ ఇవ్వనివ్వలేదు, ఎవరి దగ్గరా ఏదీ తీసుకోనివ్వలేదు, ప్రసాదం దగ్గర చాపితే వీపు మీద చరిచారు, కొట్లో చిల్లర ఇవ్వబోతే ఆ చెయ్యేంటి పాపా అన్నారు. ఇన్ని మాటలు పడ్డ చెయ్యి ఇవాళ అడగ్గానే వచ్చి సూది కింద పడుకుంది.

ఈ సూదులు తీశాక పరీక్ష ఉంది. మంచం పక్కనున్న చెక్క స్టూలును మోచెయ్యి చాపి, అరచెయ్యి నేలవైపు పెట్టి, అంచు పట్టుకుని ఒంటిచేత్తో లేపాలి. చూస్తే ఏముంది అందులో, చిన్నపిల్లలు ఎత్తుతారు. మొదటిసారి స్టూలు నేలను వదల్లేదు. రెండోసారి వదిలింది, వదిలీ వదలగానే దభీమని పడింది, ఆ చప్పుడుకు సీమోను తాత లేచి స్టేషను వచ్చిందా అన్నాడు. ఇవాళ కూడా లేవకపోతే ఈ ఏడు బంతి ఆట సంగతి మర్చిపోదామమ్మా అని డాక్టరమ్మ చెప్పేసింది. మర్చిపోదాం అంటుంది, తను కూడా జట్టులో ఉన్నట్టు. శ్రావణంలో బాపట్లలో సెలక్షన్లు. మర్చిపోవడమట. ఈ మోచెయ్యి ఎంత మొండిదో తను అంతకంటే మొండిదని దీనికింకా తెలియదు, ఒకే ఒంట్లో ఉంటున్నా తెలియదు.

మాచిపత్రి వాసన వస్తోంది. డాక్టరమ్మ చుట్టలాంటిది వెలిగించి కుడి మోచేతికి దగ్గరగా పట్టుకుంది, ఎర్రటి నిప్పుకణం చర్మానికి తగలకుండా ఆగి, వెచ్చదనం మాత్రం లోపలికి పోతోంది, సూది మొదట్లోనుంచి ఎముకదాకా దిగి అక్కడ కూర్చుంటోంది. బరువు వచ్చిందా అని అడుగుతుంది ఆవిడ ప్రతి సూదికీ. మొదట్లో ఏం బరువో అర్థమయ్యేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది, ఎవరో చిన్న పిల్లి వచ్చి చేతిమీద పడుకున్నట్టు, తిమ్మిరి కాదు, నొప్పి కాదు, బరువు. వచ్చిందండి అంటే ఆవిడ తృప్తిగా తలాడిస్తుంది, పంపులో నీళ్ళొచ్చినట్టు. వినాయకచవితి పత్రిలో ఏరుకునే మాచిపత్రి ఎండబెట్టి నలిపి చైనావాళ్ళు చుట్టలు చేసి నొప్పులకు పొగపెడతారని ఎవరనుకున్నారు? బాపట్లలో వ్యవసాయం డిగ్రీ చదివింది తను, ఆకు చూసి చెట్టుపేరు, చెట్టుపేరు చూసి దాని లాటిన్ పేరు చెప్పగలదు, కానీ ఈ నరాలూ కావు రక్తనాళాలూ కావు, ఒళ్ళంతా పారే కాలవలు అని డాక్టరమ్మ గోడమీది బొమ్మ చూపించి చెబుతుంటే ఆ కాలవలు ఏ పుస్తకంలోనూ చదివినట్టు గుర్తులేదు. అయితే కాలవలంటే డెల్టా మనిషికి చెప్పాలా. ఎక్కడో లాకులు ఎత్తితే ఎక్కడో పొలం తడుస్తుంది, ఆ మాట ఒప్పుకోవచ్చు. పూర్తిగా నమ్మిందా అంటే నమ్మలేదు. నమ్మలేదా అంటే, కిందటి వారం తన జడ తనే వేసుకుంది, దువ్వెన నడినెత్తి దాకా వెళ్ళింది, అద్దంలో ఆ దువ్వెనను చూసి గట్టిగా నవ్వితే అమ్మ వంటింట్లోంచి ఏమైందే అని పరిగెత్తుకొచ్చింది. నమ్మకం సంగతి తర్వాత. దువ్వెన వెళ్ళింది.

డాక్టరమ్మ ఇచ్చిన పొడి కూడా మొదట అనుమానంగానే తాగింది. గోధుమరంగు పొడి, చిన్న పొట్లాల్లో, వేడినీళ్ళల్లో కలిపి తాగాలి, చేదు, వగరు, తర్వాత ఎక్కడో ఎరిగిన వాసన. మల్బరీ రెమ్మలమ్మా, దాల్చిన కొమ్మలు, ఇంకా అవీ ఇవీ, అంది డాక్టరమ్మ. ఆకులు కాదు, వేళ్ళు కాదు, కొమ్మలే ఎందుకండీ? చెట్టుకి కొమ్మలు ఎలాంటివి, మనకి చేతులు అలాంటివి, అందుకని చేతినొప్పికి కొమ్మలమందు ఇస్తారు వాళ్ళు. ఇది శాస్త్రమా కవిత్వమా అనుకుంది సాహితి, అనుకుంటూనే ఆ ఎరిగిన వాసనేమిటో పట్టేసింది. పసుపు! పచ్చిగా, మట్టిగా, దుగ్గిరాల యార్డు పక్కనుంచి బస్సు వెళ్తుంటే కిటికీలోంచి లోపలికొచ్చి చీరకు పట్టుకునే ఆ వాసన. చేతులనొప్పికి చైనావాళ్ళు పసుపు వేస్తారట, ప్రత్యేకంగా చేతులకేనట. ఆ రోజు రైల్లో బాపట్ల వెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉంది. ఎంత దూరం తిరిగి వచ్చావే పసుపూ, పక్క ఊరినుంచి రావడానికి.

ముక్కు ఇంకా దురదగానే ఉంది. బాబీ వస్తే గోకుతాడు. ఎంత సిగ్గులేని కోరిక, కొత్త పెళ్ళికూతురు మొగుడి కోసం ఎదురుచూసేది ముక్కు గోకించుకోవడానికా. అయినా గోకుతాడు, చాలా శ్రద్ధగా గోకుతాడు, ఇక్కడా, ఇంకాస్త పైకా, అని అడుగుతూ. పోయినసారి ఈగ వాలితే పేపరు మడిచి విసురుతూ కూర్చున్నాడు. పేరు మోహనకృష్ణ, పిలిచేది బాబీ, పని రొయ్యల మేత కంపెనీలో, రేపల్లె నుంచి నిజాంపట్నం దాకా ఏ చెరువులో ఏ రొయ్య ఎంత తింటుందో చెప్పగలడు, చొక్కా ఎంత ఉతికినా చేపపొడి వాసన పోదు, ఆ వాసన ఇప్పుడు తనకు మల్లెపూల కంటే ముద్దు. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వనీ.

బంతి. పసుపుపచ్చ ఉన్ని బంతి, నిమ్మకాయంత, చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు, బ్యాటు తగిలితే మాత్రం పిట్టలా పోతుంది. బాల్ బ్యాడ్మింటన్ అంటే బయటి ఊళ్ళవాళ్ళు షటిలా అంటారు, షటిల్ కాదు మహాప్రభో, దానికి ఈకలుంటాయి, దీనికి ఉన్ని, అది గదిలో ఆడతారు, ఇది ఆరుబయట, మట్టిలో, ఎండలో, ఐదుగురం ఒక జట్టుగా. బాపట్లలో సాయంత్రం సూర్యలంక వైపునుంచి సముద్రపుగాలి లేస్తుంది, ఆ గాలిలో బంతి ఎక్కడ వంగుతుందో పొరుగూరి జట్లకు తెలియదు, సాహితికి తెలుసు. ముందు వరసలో నిలబడి మణికట్టు ఒక్క విసురు విసిరితే బంతి నెట్టు అంచు రాసుకుని అవతల రాలుతుంది. ఆ విసురే మోచేతిని తినేసింది. మొదట ఆట అయ్యాక నొప్పి, తర్వాత ఆటలో నొప్పి, తర్వాత పంపు తిప్పితే నొప్పి, చేటలో బియ్యం చెరిగితే నొప్పి, చివరికి కాఫీ గ్లాసు ఎత్తితే నొప్పి. కట్లు కట్టారు, మాత్రలు మింగించారు, కరెంటు పెట్టారు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తామంటూ చేయనట్టు. గుంటూరులో ఎముకల డాక్టరు ఫిల్ము చూశాడు, చెయ్యి చూశాడు, తర్వాత మెళ్ళోకి చూసి, పెళ్ళి కుదిరిందా అమ్మా అన్నాడు. కుదిరిందండి అంది. మరింకేం, ఆట మానెయ్, అదే తగ్గుతుంది అన్నాడు. నాన్న తలాడించాడు. అమ్మ తలాడించింది. కాంపౌండరు కూడా తలాడించాడు. నలుగురూ తన చెయ్యి పట్టుకుని తనకు కాకుండా ఒకళ్ళకొకళ్ళు తలాడించుకుంటుంటే, సాహితి ఆ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ లాక్కున్నప్పుడు పుట్టిన నొప్పి ఇంకా గుర్తే. ఆ నొప్పిలో ఉన్న తృప్తి కూడా గుర్తే.

పెళ్ళికి ముందు అదే డాక్టరు ఒక ఇంజెక్షను పొడిచాడు, ఫోటోల్లో మొహం బాగుండాలి కదా అన్నాడు, నొప్పి చప్పున మాయమైంది. మాయమైంది అనుకుంది తను. దాని నోరు నొక్కారంతే. బిందెలో ఉంగరం తీసేటప్పుడు మాత్రం ఎందుకైనా మంచిదని ఎడమచెయ్యి పెట్టింది, మూడుసార్లూ ఉంగరం ఎడమచేతికే దొరికింది, ఎడమచేత్తో తీస్తే లెక్కలోకి రాదని బాబీ పిన్నమ్మలు గోల, నీళ్ళల్లో ఏ చెయ్యో ఎవరు చూశారని బాబీ, ఆ నీళ్ళల్లో అతని వేళ్ళు ఉంగరాన్ని వెతకడం మానేసి తన వేళ్ళను వెతికిన సంగతి ఇద్దరికే తెలుసు. అక్కడిదాకా బాగుంది. తప్పు రేపల్లెలో జరిగింది. వాళ్ళింట్లో కొత్త కోడలు గడప లోపలికొచ్చిన మర్నాడు బంధువులందరికీ తనే వడ్డించాలి, చుట్టాలు నగరం మండలంనుంచి, భట్టిప్రోలునుంచి, ఎక్కడెక్కడినుంచో వచ్చి వరసగా కూర్చుంటారు, కోడలు బకెట్టు ఎడమచేత్తో పట్టుకుని గరిటె కుడిచేత్తో తిప్పుతూ వరస చివరిదాకా వెళ్ళాలి. ముద్దపప్పు, గట్టిది, నిండు గరిటె ముంచి, ఎత్తి, మణికట్టు తిప్పి విస్తట్లో వదలాలి. బంతిని కొట్టే విసురే అది, అదే కండ, అదే ఎముక, కాకపోతే బంతికి బరువుండదు. సగం వరసలో ఇంజెక్షను మూత ఊడిపోయింది. గరిటె ఎడమచేతికి మార్చుకోవచ్చు. ఎవరు మార్చుకుంటారు? ఎడమచేత్తో అన్నం పెట్టిన కోడలు అని మూడు మండలాలు చెప్పుకుంటాయి. పళ్ళు బిగబట్టి చివరి విస్తరిదాకా వెళ్ళింది, చివర్లో కూర్చున్న ఒక పెద్దాయన, వెంకటరత్నమ్మా, నీ కోడలిది పెట్టే చెయ్యే అన్నాడు, అత్తగారి మొహం వెలిగిపోయింది, ఆ వెలుగు చూసి తనూ వెలిగిపోయింది, అదీ సిగ్గుచేటు. ఆ ఒక్క మెచ్చుకోలు కోసం ఆ తర్వాత వచ్చిన ప్రతి చుట్టానికీ వడ్డించింది. రాత్రి బాబీ పక్కకు తిరిగి చెయ్యి పట్టుకుంటే అబ్బా అని అరిచి, సంతోషంతో అరిచానని అబద్ధం చెప్పింది. అతను నమ్మాడు. రొయ్యల గురించి తప్ప ఏది చెప్పినా నమ్ముతాడు.

ఇంకో రెండు నెలలు అలాగే ఉంటే చెయ్యి చచ్చుపడేదే, ఆషాఢం వచ్చి కాపాడింది. ఆషాఢంలో కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. తను బాపట్లలో పుట్టింట్లో, బాబీ రేపల్లెలో. అయితే ఆ నియమం పెట్టిన పెద్దలు రైల్వే మ్యాపు చూడలేదు. బాపట్ల రైలూ తెనాలి వస్తుంది, రేపల్లె రైలూ తెనాలి వస్తుంది. పైగా తెనాలిలో సూదుల డాక్టరుంది, చేతినొప్పి ఉంది, నొప్పికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అతను వాళ్ళమ్మతో మేత డీలర్ల మీటింగు అని చెబుతాడు, స్టేషను బయట రెండు దోసెలు తింటారు, అతని చట్నీ కూడా తనే తింటుంది, ఈ గదిలో అతను ఆ స్టూలు మీద కూర్చుంటాడు, తను సూదుల కింద కదలకుండా పడుకుంటుంది, ఒకళ్ళనొకళ్ళు ముట్టుకోకూడదు, సూది కదులుతుంది. ఇంత దొంగ సంతోషం కాలేజీలో ప్రేమించుకున్నవాళ్ళక్కూడా దొరికి ఉండదు. ఒకసారి ఆపుకోలేక ఇద్దరూ ఇటునుంచి ఇటే సూర్యలంక పోయారు, అలల్లో నిలబడి ఎడమచేత్తో గవ్వ విసిరింది, అది ఎక్కడో పోయి ఒక గుంటూరాయన టోపీకి తగిలింది, అతనికి బాబీ క్షమాపణ చెబుతుంటే తను ఇసకలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

తెర కదిలింది. చేపపొడి వాసన. బాబీ వంగి, చెప్పకుండానే ముక్కు గోకాడు, ఇక్కడా అని అడగలేదు మాత్రం. అడగకపోవడంతోనే ఏదో అయిందని తెలిసిపోయింది.

"అమ్మ వచ్చింది."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. వీధరుగు మీదుంది. రేపల్లె స్టేషనులో రైలెక్కి చూస్తే నా పక్క సీట్లో కూర్చుని ఉంది, మీటింగుల సంగతి ఎప్పుడో పసిగట్టిందట, తెనాలి వచ్చేసరికి అంతా చెప్పించేసింది, నేనేం చెయ్యను?"

ఏం చేస్తాడు పాపం. లేచి పారిపోవాలనుంది, సూదులు. దుప్పట్లోకి దూరాలనుంది, సూదులు. పట్టుబడ్డ దొంగ ఇంత కదలకుండా ఎక్కడా పడుకుని ఉండదు. వీధిలోంచి అత్తగారి గొంతు వచ్చేసింది, రేపల్లె గొంతు, కాలవ అవతలి గట్టునున్నవాళ్ళతో మాట్లాడి అలవాటైన గొంతు.

"ఏరా బాబీ, ఇదేనా నీ రొయ్యల మేత మీటింగు? రొయ్య లోపల పడుకుందా?"

డాక్టరు నిర్మల మాచిపత్రి చుట్టను గిన్నెలో ఆర్పి బయటికి వెళ్ళింది. "లోపలికి రండమ్మా, ఎండలో ఎందుకు?"

"ఎట్టా వస్తానమ్మా? కొత్త కోడలు లోపలుంది. ఆషాఢం కదా."

"ఇది ఆసుపత్రండీ. ఇల్లు కాదు."

"ఆసుపత్రికి గడప లేదా? పసుపు రాసి బొట్లు కూడా పెట్టారే."

"అవి ఇంటిగలావిడ పెడతారండి. మాది లూథరన్ చర్చి."

"ఎవరు పెడితే ఏంటమ్మా, బొట్టు బొట్టే." గాజులు గలగలమన్నాయి, అరుగు మీద చతికిలబడినట్టుంది. "ఏమే సాహితీ! చైనావాళ్ళ మందు తింటన్నావంట?"

"అందులో ఉంది మన దుగ్గిరాల పసుపేనండి అత్తయ్యా."

"పసుపైతే మనింట్లో లేదా, చైనా తిప్పి తేవాలా?"

సీమోను తాత గుర్రు ఆగింది. తెర అవతలనుంచి చిన్నగా నవ్వు. మళ్ళీ గుర్రు, ఈసారి అబద్ధపు గుర్రు, వినడానికి వీలుగా.

"చెయ్యి నొప్పని నాతో ఒక్క ముక్క అన్నావా?" గొంతు కాస్త దిగింది. "అంతమందికీ వడ్డించావు. నేనేమో మా కోడలి చెయ్యి, మా కోడలి చెయ్యి అని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు తెలిసి నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

దీనికి సిద్ధంగా లేదు సాహితి. తిడతారనుకుంది, తిడితే ఎదురు చెప్పడానికి మాటలు వరసగా పేర్చుకుని ఉంచింది, ఆ వరసలో ఇది లేదు. పైన ఫ్యాను మెల్లగా తిరుగుతోంది, ఒక రెక్కకు పాత గాలిపటం దారం చుట్టుకుని ఉంది, ఆ దారం వస్తోంది, పోతోంది, వస్తోంది. చెప్పాల్సింది. చెప్పి ఉంటే ఏమయ్యేది? నొప్పిని దాచింది నొప్పి కోసం కాదు, నొప్పి వెనకున్న బంతి కోసం. నొప్పి బయటపడితే బంతి పోతుంది, గుంటూరు డాక్టరు దగ్గర అది చూసింది, అందరూ కలిసి తలాడించేశారు. అందుకని బంతిని దాచుకోవడానికి నొప్పిని దాచింది, నొప్పిని దాచడానికి గరిటె తిప్పింది, గరిటె తిప్పి చేతినే పోగొట్టుకోబోయింది. ఎంత తెలివి. డిగ్రీలో ఫస్టు క్లాసు.

"చెబితే ఏమనేవారు అత్తయ్యా?" అంది, పైకప్పు వైపు చూస్తూనే, వీధిదాకా వినబడేలా.

 వెంకటరత్నం అబద్ధాలాడే మనిషి కాదు, అది ఆవిడలో మంచిగుణం, అదే కష్టం కూడా.

"ఆట మానెయ్యమనేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

అనేసింది. బాబీ స్టూలు మీద బిగుసుకుపోయాడు, అతనికి సూదులు లేకపోయినా. అనేశాక తనకే నవ్వొస్తోంది. భయంగా లేదు. సర్వీసు చేశాక బంతి గాల్లో ఉన్నప్పుడు ఉంటుందే, చేతిలోంచి వెళ్ళిపోయింది, ఇక దాని దారి దానిది, అవతలివాళ్ళు కొడతారో వదిలేస్తారో, అలా ఉంది. పెళ్ళయ్యాక ఏదో ఒకటి మానెయ్యాలట అందరూ. బాబీ ఏం మానేశాడు? రొయ్యల్ని మానేశాడా? క్రికెట్టు మానేశాడా? అతన్ని ఎవరూ మెళ్ళోకి చూసి పెళ్ళి కుదిరిందా అని అడగలేదు. తను అన్నీ ఉంచుకుంటుంది. మొగుణ్ణీ ఉంచుకుంటుంది, బంతినీ ఉంచుకుంటుంది, ఈ అత్తగారిని కూడా ఉంచుకుంటుంది, పప్పులో ఆవిడ వేసే ఇంగువ చాలా బాగుంటుంది, వదులుకునే ప్రశ్నే లేదు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి సూదులు ఒక్కొక్కటే తీసింది. కుడివి ముందు, ఎడమవి తర్వాత. ఎడమ బొటనవేలి పక్క సూది వచ్చేటప్పుడు చిన్న రక్తపు చుక్క వచ్చింది, దూదితో అద్దింది. పిల్లి లేచి వెళ్ళిపోయినట్టు చేతులు తేలికయ్యాయి. "బాబూ, స్టూలు ఖాళీ చెయ్" అంది. బాబీ దాని మీదనుంచి నిప్పు మీదనుంచి లేచినట్టు లేచాడు. సాహితి నిలబడింది. మోచెయ్యి చాపింది, అరచెయ్యి నేలవైపు, వేళ్ళు చెక్క అంచు మీద.  ఎత్తింది.

స్టూలు లేచింది. మోకాలిదాకా వచ్చింది. నొప్పి ఉంది, పోలేదు, ఎముక పక్కన సన్నటి దారంలా తెలుస్తోంది, లాగుతోంది, కానీ మంట లేదు, చెయ్యి వదిలెయ్యమని అరవడం లేదు. అలాగే పట్టుకుని నిలబడింది. కావాలని ఇంకాస్త సేపు నిలబడింది. తర్వాత నాలుగు కాళ్ళూ చప్పుడు కాకుండా దించింది, గాజుబొమ్మను దించినట్టు.

"తాతా, స్టేషను రాలేదు, పడుకో" అంది తెరవైపు తిరిగి. తెర అవతల పకపకా నవ్వు.

బాబీ కళ్ళు తుడుచుకుంటున్నాడు, పిచ్చి మొహం. డాక్టరు నిర్మల మాత్రం నవ్వలేదు. "నొప్పి ఉందా ఇంకా?" అంది. "ఉందండి, సన్నటి దారంలా." "దాన్ని తెంపుకుంటే మళ్ళీ మొదటికొస్తావు. శ్రావణందాకా సూదులు వేస్తాను, మందు ఇస్తాను, అయితే నేను పగలు కట్టింది నువ్వు సాయంత్రం గరిటె పెట్టి కూల్చకూడదు. బకెట్టు లేదు, గరిటె లేదు, బట్టలు పిండటం లేదు. ఏదైనా ఎడమచేత్తోనే. అప్పుడు సెలక్షన్ల సంగతి మాట్లాడదాం."

"ఎడమచేత్తోనా?" వీధిలోంచి. "శ్రావణంలో చుట్టాలొస్తారు. కొత్త కోడలు ఎడమచేత్తో పెడితే తినేవాళ్ళు ఏమనుకుంటారమ్మా?"

సాహితి తెర తప్పించుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. గడప అవతల అరుగు మీద అత్తగారు, చెమటపట్టిన మొహం, చెదిరిన ముడి, ఒళ్ళో స్టీలు డబ్బా. గడప ఇవతల తను. "ఆకలైనవాళ్ళు తింటారు అత్తయ్యా. తిననివాళ్ళకి మీ అబ్బాయి కుడిచేత్తో వడ్డిస్తాడు. ఆయన చెయ్యి బ్రహ్మాండంగా ఉంది."

"నేనా?" అన్నాడు బాబీ లోపల్నుంచి.

"నువ్వేరా. రొయ్యలకి వెయ్యట్లా?" అనేసింది వెంకటరత్నం, అన్నాక తను ఎవరివైపు మాట్లాడిందో అర్థమై కోడలివైపు కోపంగా చూసింది. చూసి, ఏం చెయ్యాలో తోచక, డబ్బా మూత తీసింది. లోపల రుబ్బిన గోరింటాకు ముద్ద, పచ్చగా, తడిగా, గుండ్రంగా. "ఆషాఢం వెళ్ళిపోతోంది, పుట్టింట్లో ఎవరన్నా పెట్టారో లేదో అని తెచ్చాను. ఇదేమన్నా పోస్టులో పంపేదా. గడప దాటను, ముందే చెబుతున్నా."

"మీరు దాటొద్దు. నేనూ దాటను." సాహితి గడప ఇవతల బాసింపట్టు వేసుకుని కూర్చుంది, కూర్చుని, పసుపు రాసిన ఆ చెక్క మీదుగా చెయ్యి చాపింది. ఎడమచెయ్యి.

వెంకటరత్నం ఆ చేతిని చూసింది. "మొదట కుడిది ఇవ్వాలే."

"మొదట ఇదే అత్తయ్యా. ఇక నుంచి పనంతా దీనిదే."

వీధిలో ఎవరో స్కూటరు మీద వెళ్తూ మెడ తిప్పి చూశారు. ఆవిడ ఆ చేతిని అందుకోలేదు, తోసెయ్యనూ లేదు. సాహితి దించలేదు. సూదుల కింద కదలకుండా ఉండటం నేర్చుకుంది ఈ చెయ్యి, ఎంతసేపైనా ఉంటుంది. చివరికి అత్తగారు ముక్కుతో పెద్దగా గాలి వదిలి, కొంగుతో ఆ అరచెయ్యి తుడిచి, తన ఒళ్ళోకి లాక్కుంది, మధ్యలో రూపాయి బిళ్ళంత చందమామ పెట్టింది, వేళ్ళకు టోపీలు పెట్టింది, చల్లగా, బురదగా, చిన్నప్పటి వాసనగా. బొటనవేలి పక్కకొచ్చి ఆగింది. అక్కడ ఎర్రటి చుక్క. "ఇక్కడ పెట్టొచ్చా డాక్టరమ్మా?" అని అడిగింది, మొదటిసారి మెల్లగా. అక్కడ వద్దండి రేపటిదాకా అంది లోపలినుంచి నిర్మల. సరేనని చుట్టూ పెట్టి, సూది గుచ్చినంత మేర వదిలేసింది.

"ఇక కుడిది" అంది సాహితి, చాపుతూ.

"రెండు చేతులకీ పెడితే రైల్లో ఎట్టా పోతావే? సంచి ఎవరు మోస్తారు? నీకు అన్నం ఎవరు పెడతారు?"

"గోరింటాకు పెట్టుకున్నవాళ్ళకి ఎవరూ పని చెప్పరు కదా అత్తయ్యా. సంచి ఆయన మోస్తారు. అన్నం మా అమ్మ పెడుతుంది."

వెంకటరత్నం చేతిలో ముద్దతో కోడలివైపు ఓరగా చూసింది, ఆమె తెలివి అప్పుడే అర్థమైనట్టు. "అది ఎండేదాకానేగా. ఎండినాక?"

"ఎండినాక కడిగేసి," అంది సాహితి, మొండి మోచేతిని అత్తగారి మోకాలి మీద దర్జాగా ఆనించి, "మళ్ళీ పెట్టుకుంటాను."